పాలేటికి అటూ ఇటూ

2020 దసరాకి నేను గరికపాడు వంతెనను కాలినడకన దాటాను. మొక్కేమీ లేదు. కరోనాకి ఆగిపోయిన రెండు రాష్ట్రాల బస్సులు అప్పటికింకా ఒప్పందం కుదరక ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. పండగ రద్దీ చూసి ఎవరి సరిహద్దు దాకా వాళ్లు బస్సులు వేశారు. హైదరాబాదులో ఎక్కిన బస్సు కోదాడ దాటాక రోడ్డు వారన ఆగింది. "దిగుండ్రి, దిగుండ్రి. అవుతల గరికపాడు కాడ ఆంధ్రా బస్సులున్నయ్" అన్నాడు కండక్టరు. పెట్టెలు, సంచులు, చంకన పిల్లలు, మూతులకు మాస్కులు. చక్రాల సూట్‌కేసులు వంతెన అతుకుల దగ్గర టక్కుమని ఎగిరిపడుతున్నాయి. కింద పాలేరు ఎర్రగా పారుతోంది.

నా పక్కన నడుస్తున్న పెద్దాయనకి ఎనభై దాటి ఉంటాయి. వంతెన మధ్యలో ఆగి సంచి కింద పెట్టాడు. "కాసేపు కూర్చుంటావా తాతా?" అన్నాను.

"కూర్చోడానిక్కాదు అబ్బాయ్. చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని ఈ ఏరు ఇట్టాగే నడిచి దాటా. అప్పుడు కరోడ్గిరోళ్లు మూట విప్పించి చూసేవాళ్లు. ఇప్పుడు జొరం చూస్తన్నారు. అంతే తేడా."

కరోడ్గిరి అంటే నిజాం సర్కారు సుంకాల శాఖ. ఏరు దాటే మనిషి మూటలో ఏముందో చూసి పన్ను కట్టించుకునేది. డబ్బులు కూడా వేరే. అవతల హాలీ సిక్కా, ఇవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు చేతికొచ్చేవి. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. 1956 నవంబరు 1న ఏటికి రెండు పక్కలా ఆంధ్రప్రదేశ్ అయింది. గీత చెరిగిపోయిందనే అందరూ అనుకున్నారు. అదెక్కడికీ పోలేదు. కృష్ణా జిల్లాకీ నల్లగొండ జిల్లాకీ నడుమ హద్దుగా పేరు మార్చుకుని ఓ కునుకు తీసింది. 2014 జూన్ 2న లేచి కూర్చుంది, అదే ఏటి ఒడ్డున.

పండగ అయిపోయింది, బస్సులు మళ్లీ కలిశాయి. తాత మాట మాత్రం నన్ను వదల్లేదు. ఈ హైదరాబాదు, విజయవాడ రోడ్డు మీద ఏడాదికి పదిసార్లు తిరుగుతాను. ఏసీ బస్సులో తెర లాక్కుని పడుకుంటే ఎల్బీనగర్ తర్వాత కళ్లు తెరిచేది గొల్లపూడిలోనే. నడుమ ఉన్న దేశమంతా నిద్రలోనే పోయింది. అందుకని మొన్న మాఘంలో పల్లెవెలుగు బస్సులూ, ఆటోలూ పట్టుకుని దిగుతూ ఎక్కుతూ వచ్చాను. నా లెక్కలో ఈ దారిలో చూడాల్సినవి మూడు చోట్లు. గీత ఉన్న చోటు గరికపాడు. మిగతా రెండూ ఆ గీతకి అటొకటి ఇటొకటి, తప్పిపోయిన పిల్లల్లాంటివి.

మొదటిది మునగాల. సూర్యాపేట దాటాక, కోదాడకి ముందు హైవే మీదే వస్తుంది. దాబాలు, ఎరువుల దుకాణాలు, తాగునీటి సీసాల బండి, మామూలు మండల కేంద్రం. కానీ 1959 దాకా ఇది కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా. చుట్టూ నల్లగొండ, నిజాం రాజ్యం. నడుమ మునగాల పరగణా అనే ఈ జమీ మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, ఇంగ్లీషు వాళ్ల ఏలుబడిలో. పటం గీసేవాడు కృష్ణా జిల్లాకి రంగు వేస్తూ పోతే కుంచెలోంచి ఒక బొట్టు జారి నిజాం రాజ్యంలో పడ్డట్టు ఉండేది. మునగాల రైతు తన తాలూకా కచేరీకి పోవాలంటే పరాయి రాజ్యం దాటి పోవాలి.

జమీందారు కోట మునగాలలో కాదు, లోపలికి నడిగూడెంలో ఉంది. ఆటోలో వెళ్లాను. రాజా నాయని వెంకటరంగారావు అక్కణ్ణుంచే పరగణాను ఏలాడు. ఆయన దగ్గర దివానుగా ఉన్నవాడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టాడు. అంటే గరికపాడుకి ఇవతల, జగ్గయ్యపేట పక్క మనిషి. చదువు నాగపూరులో, కొలువు నడిగూడెంలో, పని మాత్రం తెలుగు మాట్లాడే చోటల్లా. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినప్పుడు రావిచెట్టు రంగారావుతో పాటు ఈ జమీందారూ ఈ దివానూ ఉన్నారు. లక్ష్మణరావు పూనికతోనే విజ్ఞాన చంద్రికా మండలి 1906లో వచ్చింది. చరిత్ర, శాస్త్రం తెలుగులో అందరికీ అందేలా పుస్తకాలు వేసింది. నిజాం నగరంలో తెలుగుకి ఇల్లు కట్టడానికి చెయ్యి వేసిన ఈ ఇద్దరూ, ఆ రాజ్యం కడుపులో ఉండి ఆ రాజ్యానికి చెందని చిన్న జమీ నుంచి వచ్చారు. ఇది ఊరికే జరిగిందని నేననుకోను. రెండు రాజ్యాల గాలీ తగిలే చోట కిటికీలు ఎక్కువుంటాయి.

జెండా వెంకయ్య అని మనం చెప్పుకునే పింగళి వెంకయ్య కూడా ఈ జమీలో కొన్నాళ్లున్నాడు. అప్పటికాయన పత్తి వెంకయ్య. పత్తి రకాల మీద ప్రయోగాలు చేసి ఆ పేరు తెచ్చుకున్నాడు.

ఇంత చెప్పి జమీందారును దేవుణ్ణి చేస్తే నడిగూడెం పెద్దలు ఒప్పుకోరు. గ్రంథాలయానికి చెయ్యిచ్చిన జమీ మీదే 1930లలో రైతులు తిరగబడ్డారు. కోట గోడ నీడలో నాతో మాట్లాడిన ఒకాయన రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. "పుస్తకాలు ఆడ పెట్టిండు, పన్నులు ఈడ పెట్టిండు." వాళ్లింటికి తీసుకుపోయి, ఇనప్పెట్టెలోంచి తాత కొన్న భూమి కాగితం తీసి చూపించాడు. తెలుగు రాత, పైన జార్జి చక్రవర్తి తలకాయ అచ్చు. రిజిస్ట్రీ నందిగామలో జరిగిందట. "మా తాత ఈ ఒక్క కాగితం కోసం రెండు దినాలు పోయొచ్చిండట" అన్నాడు. కాగితం మడతల దగ్గర చిరిగితే వెనక పాత పంచాంగం ముక్క అంటించి ఉంది.

కోదాడ గురించి ఎక్కువ చెప్పను. కాలేజీలు, ఆస్పత్రులు, కూడలిలో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద అరిచే హారన్లు. బస్టాండు బయట టీ తాగుతూ బండ్ల నంబర్లు చదివాను. పాతబడ్డ ట్రాక్టరు మీద ఏపీ 24, అంటే ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ. పక్కన స్కూటీ మీద టీఎస్ 29, అంటే 2016 అక్టోబరు 11న పుట్టిన సూర్యాపేట. కొత్త కారు మీద టీజీ, అది 2024లో మారిన ముచ్చట. నడుమ అరటిపళ్ల ఆటో ఒకటి ఏపీ 16, పాత కృష్ణా జిల్లా. ఇవతల 2019 నుంచి జిల్లాల అంకెలు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పదేళ్లలో ఎన్ని రాజ్యాలు మారాయో పార్కింగులోనే తెలిసిపోతుంది.

అక్కడ జగ్గయ్యపేట పోయే కోదాడ బస్సు ఎక్కాను. నా ముందు సీట్లో ఒక అత్తా కోడలూ. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకి పోతున్నారు. మాఘ పున్నమికి ఆ తల్లి దగ్గరికి ఏటికి అవతల నుంచీ ఇవతల నుంచీ జనం విరగబడతారు. కండక్టరమ్మ వచ్చి ఆధార్ కార్డులు అడిగింది. అత్తగారి కార్డు మీద కోదాడ చిరునామా. ఆవిడకి సరిహద్దు దాకా జీరో టికెట్టు, అక్కణ్ణుంచి పేటకి డబ్బుల టికెట్టు. ఒక మనిషి, ఒక సీటు, రెండు టికెట్లు. తెలంగాణలో ఆడవాళ్లకి 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం. అయితే రాష్ట్రం దాటే బస్సులో అది గీత దాకానే.

కోడలి కార్డు మీద జగ్గయ్యపేట చిరునామా ఉంది. ఆ పిల్లకి మొత్తం టికెట్టు కొట్టింది కండక్టరమ్మ.

"పెండ్లయి ఎన్నేండ్లాయె? కార్డు మార్పించుకోలేదా?"

"నాలుగేళ్లక్కా. మార్చుకుంటే అటుపక్క పోద్ది గదా. పేట నుంచి మా పిన్నోళ్లింటికి నందిగామ పోయేటప్పుడు ఆంధ్రా బస్సులో ఫ్రీ." అటుపక్క కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచితం పెట్టారు.

"పుట్టింట్ల ఫ్రీ, అత్తింట్ల టికెట్టు" అంది అత్తగారు కిటికీలోంచి చూస్తూ. కోపమో నవ్వో తెలియలేదు. ఈ దారిలో నేను విన్న రాజకీయ వ్యాఖ్యల్లో ఇదే మేలైనది.

రామాపురం క్రాస్‌రోడ్డు, నల్లబండగూడెం, తర్వాత పాలేరు. నిద్రపోయేవాళ్లకి వంతెన దాటడం తెలియదు. నేను గరికపాడులో దిగి వెనక్కి నడిచి వంతెన మధ్యకి పోయాను, తాత సంచి పెట్టిన చోటు వెతుక్కుంటూ. ఖమ్మం జిల్లాలో చెరువుగా ఆగి, ఇక్కడ హద్దుగా మారి, పోయి పోయి కృష్ణలో కలుస్తుంది ఈ ఏరు. మాఘంలో అయితే దీన్ని చూసి రెండు రాష్ట్రాల్ని విడదీసేంత సీనుందా అనిపిస్తుంది. రాళ్ల నడుమ పిలకలాంటి పాయ, రెల్లు, అవతలి ఒడ్డున నీళ్లు తాగి ఇవతలికి ఎక్కుతున్న గేదెలు నాలుగు. వాటిని ఎవరూ ఆపలేదు.

మాఘం నాటి పాలేటిని చూసి మోసపోకూడదు. 2024 సెప్టెంబరు 1న ఇదే ఏరు వంతెన పక్కన కట్టను కోసేసింది. అవతల నల్లబండగూడెం దగ్గర రోడ్డు కొట్టుకుపోయింది. హైదరాబాదుకీ విజయవాడకీ దారి తెగింది. అంతకు ముందు ఏడాది జూలైలో ఇవతల ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదికెక్కి ఇలాగే కట్టిపడేసింది. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకోక ఆగిన బస్సులు చూశాం, ఏరు మాట్లాడితే ఆగిన బస్సులూ చూశాం.

ఊరి పేరు గురించి ఒక మాట. గరిక మొలిచే చోట వెలసిన పాడు, గరికపాడు. 'పాడు' అంటే పాడుబడ్డదని కాదు, ఊరనే. ఆంధ్రదేశంలో గరికపాళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, గుంటూరు వైపూ ఉంది. గరికపాటి వారి ఇంటిపేరు ఇలాంటి ఊళ్ల నుంచి వచ్చిందే. తొక్కినా, కోసినా, ఎండినా ఒక వాన పడితే మళ్లీ లేచేది గరిక. ఆ గీతకి సరైన ఊరే దొరికింది.

పత్రికల్లో గరికపాడు అంటే చెక్‌పోస్టు. వ్యవసాయం వాళ్లనడిగితే మాత్రం గరికపాడు అంటే కృషి విజ్ఞాన కేంద్రం, పరిశోధన స్థానం. ఇది మెట్ట. కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకి కళ్ల ముందు మెదిలే కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు ఇక్కడ లేవు. నల్లరేగడి, పత్తి, మిరప, కంది, పెసర, గట్ల మీద సుబాబుల్ తోటలు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. సాగర్ ఎడమ కాలవ నీళ్లు నల్లగొండ, ఖమ్మం దాటుకుని చివర్లో ఇటు రావాలి. ఇంజనీర్ల లెక్కలో నల్లగొండ ఒకటో జోను, ఖమ్మం రెండు, కృష్ణా మెట్ట మూడు. అందుకని గరికపాడు రైతు ఆకాశం వంక ఎంత చూస్తాడో కృష్ణా బోర్డు సమావేశం వార్త వంకా అంతే చూస్తాడు. ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో డెల్టా వాళ్లు "మెట్టోళ్లు" అని ఒక నవ్వు నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఇక్కడివాళ్లింకా మర్చిపోలేదు.

చెక్‌పోస్టు పక్క టీ బడ్డీలో కూర్చున్నాను. నడిపేది యాభై ఏళ్లావిడ. గోడకి సిమెంటు కంపెనీ క్యాలెండరు, తిరుపతమ్మ పటం, పటానికి ఎండిన బంతిపూల దండ.

"అక్కా, ఇక్కడ ఏం తనిఖీ చేస్తారు?" అనడిగాను.

"ఏ కాలానికి ఏది కావాలో అది చూస్తారు తమ్ముడూ. ఒకప్పుడు బిల్లులు చూసేవాళ్లు. తర్వాత సీసాలు. కరోనాలో పాసులు. ఓట్లప్పుడు డబ్బులు. ఇప్పుడు బియ్యం."

ఆమె చెప్పింది వరసగా రాస్తే ఈ పదేళ్ల ప్రభుత్వాల చరిత్ర అయిపోతుంది. బిల్లులు అంటే అమ్మకం పన్ను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఆ తనిఖీ పోయింది. సీసాలు అంటే ఇవతల మందు ధరలు మండిపోయిన రోజుల్లో అవతల నుంచి సంచుల్లో, సీట్ల కింద వచ్చిన సరుకు. పాసుల సంగతి నాకూ గుర్తుంది. 2020 మార్చి చివర్లో హైదరాబాదు హాస్టళ్లు మూసేస్తే, పోలీసులిచ్చిన కాగితాలు పట్టుకుని వచ్చిన పిల్లలు ఈ వంతెన దగ్గర గంటల తరబడి నిలబడిపోయారు. అవతలి కాగితం ఇవతల చెల్లలేదు. 2021 మే నెలలో అదే కథ తిరగబడింది. ఇవతల నుంచి హైదరాబాదు ఆస్పత్రులకి పోయే అంబులెన్సులను అవతల ఆపారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. "ఆ రెండు రోజులూ టీ పెట్టలేదు తమ్ముడూ. డబ్బులు తీసుకోబుద్ధి కాక" అంది ఆవిడ.

ఆమె పుట్టిల్లు కోదాడ పక్క పల్లె. అన్నదమ్ముల పిల్లలు అక్కడ, ఆమె పిల్లలు ఇక్కడ. "మేనత్త మేనమామ బిడ్డలే గానీ నౌకరీల కాడికొచ్చేసరికి వాళ్లది వేరే, మాది వేరే" అంది. అది 2014లో పుట్టిన మాట కాదు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసినప్పుడు కృష్ణా రెండో జోను, నల్లగొండ ఆరో జోను. కాలేజీ సీట్లలో అటు ఉస్మానియా లోకల్, ఇటు ఆంధ్రా యూనివర్సిటీ లోకల్. ఒకే రాష్ట్రం అన్న రోజుల్లో కూడా పాలేరు దరఖాస్తు ఫారాల్లో పారుతూనే ఉంది. కునుకు తీసిందని ముందు అన్నాను. ఒక కన్ను తెరిచే పడుకుందనాలి.

ఆవిడ ఫోను మోగింది. అవతల వదినగారు. తిరునాళ్లకి ఎప్పుడొస్తున్నారనే మాటలు. ఫోను పెట్టేశాక నాకో సంగతి తట్టింది. టెలిఫోను వాళ్ల సర్కిల్ లెక్కలో రెండు రాష్ట్రాలూ ఒక్కటే. 'ఆంధ్రప్రదేశ్' అన్న పాత పేరు మీదే నడుస్తోంది. బస్సు టికెట్టుకి తెలిసిన గీత ఫోను టవరుకి తెలియదు.

జగ్గయ్యపేట వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. అసలు పేరు బేతవోలు. అమరావతి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఊరి పక్క ధనం బోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. ఉందనడం కంటే దాని అడుగు మిగిలిందనాలి. 1882లో బర్జెస్ తవ్వి చూశాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం నాటి శాసనాలు దొరికాయి. మాంధాత చక్రవర్తిని చెక్కిన పలక, ఆకాశంలోంచి నాణేలు కురుస్తున్నట్టు ఉండేది, మద్రాసు మ్యూజియానికి పోయింది. అప్పటి రాజధాని మద్రాసు మరి. ఈ ప్రాంతపు సొత్తు ఎప్పుడూ రాజధాని ఎటుంటే అటే పోయింది. మనుషులూ అంతే. 2022 దాకా గరికపాడు వాడికి కలెక్టరు గారి పని పడితే బందరు పోవాలి, సుమారు 150 కిలోమీటర్లు, జిల్లా ఈ కొస నుంచి సముద్రపు కొస దాకా. ఆ ఏడు ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చి ఆ బాధ తీరింది. అయితే ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టిన మనిషి, జిల్లాల విషయానికొచ్చేసరికి పేరు ఒకచోట, ఊరు ఒకచోట అయ్యాడు.

కాకతీయుల రోజుల్లో ఈ నందిగామ, అవతలి మధిర కలిసి నతవాడి. నతవాడి ప్రభువులకి కాకతీయులతో వియ్యం కూడా ఉంది. గణపతిదేవుడి సోదరి మైలాంబ నతవాడి ఇంటి కోడలు. పేటలో ఇద్దరు ముగ్గురిని నతవాడి అని అడిగి చూశాను. ఒకతను కాసేపు ఆలోచించి, "కొత్త వెంచరా అన్నయ్యా?" అన్నాడు.

నందిగామలో దిగలేదు. ఒకప్పటి తాలూకా కచేరీ ఊరు, నడిగూడెం తాత రెండు దినాలు నడిచొచ్చిన ఊరు. బస్సులోంచే నమస్కారం పెట్టి, మున్నేరు దాటి, కీసర టోల్‌గేటు దాటి, కంచికచర్ల మీదుగా పరిటాలలో దిగాను.

పరిటాల అంటే ఇప్పుడు 135 అడుగుల ఆంజనేయుడు. 2003 నుంచీ హైవే మీద పోయేవాళ్లకి ఆయనే గుర్తు. నేను దిగింది మాత్రం మునగాలకి జవాబు వెతుక్కుంటూ. అక్కడ నిజాం కడుపులో కృష్ణా జిల్లా దీవి అయితే, ఇక్కడ కృష్ణా జిల్లా కడుపులో నిజాం దీవి. 1766లో ఉత్తర సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి వదిలేసినా, పరిటాలనూ దాని పక్క వజ్రాల ఊళ్లనూ నిజాం వదల్లేదు. పక్క ఊరి పేరు గని ఆత్కూరు, అందులో గని ఉండనే ఉంది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం పరిటాల, కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. గవర్నరు థామస్ పిట్ దాన్ని మద్రాసులో కొన్నప్పుడు 410 క్యారెట్లు. కృష్ణకి అవతల కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఇవతల గుడిమెట్ల చేలల్లో వాన పడిన మర్నాడు ఇప్పటికీ జనం తలలు వంచుకుని రాళ్లు ఏరుతుంటారు. కూలి మానుకుని వస్తారు. దొరికిందన్న వాడి కంటే దొరికిందట అన్నవాళ్లే ఎక్కువ.

గనులు ఎండిపోయాయి గానీ గీత ఎండలేదు. 1947 ఆగస్టు 15న చుట్టూ ఉన్న ఊళ్లన్నీ జెండా ఎగరేస్తే పరిటాల నిజాం సొత్తుగానే మిగిలింది. ఆ కొద్ది ఊళ్ల జనం ఊరుకోలేదు. మేము స్వతంత్రులం, మాది రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. సైన్యం హైదరాబాదులో దిగడానికి ముందే ఇక్కడ నిజాం ఏలుబడి అయిపోయింది. మన దేశంలో ఇంత చిన్న రిపబ్లిక్కులు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లో దానికి తగ్గ గుర్తు ఏదైనా ఉందేమోనని తిరిగాను. ఆంజనేయుడి ముందు నా అడుగులు అన్నీ చిన్నవైపోయాయి.

ఇలాంటి తునకలు లోకంలో కొత్త కాదు. కూచ్‌బిహార్ దగ్గర భారత్, బంగ్లాదేశ్ ఒకదాని కడుపులో ఒకటి దాచుకున్న చిట్‌మహల్ ఊళ్లు 162. వాటిని మార్చుకోవడానికి 2015 జూలై 31 అర్ధరాత్రి దాకా పట్టింది. అన్నాళ్లూ అక్కడివాళ్లకి ఏ దేశపు కరెంటూ ఏ దేశపు ఓటూ సరిగా దక్కలేదు. మన యానాం ఉంది, 1954 దాకా ఫ్రెంచి వాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిది, చుట్టూ గోదావరి తెలుగు. మునగాల, పరిటాల వాటికంటే అదృష్టవంతులు. తమ చుట్టూ ఉన్నదానిలో కలిసిపోయాయి. కలిసిపోయాక వాళ్ల కాగితాలకి మాత్రం దిక్కు లేకుండా పోయింది.

ఆ మాట ఊరికే అనడం లేదు. సాయంత్రం రావిచెట్టు కింద అరుగు మీద ఒక రైతు కలిశాడు. నేను వచ్చిన పని చెప్పగానే "ఉండండి బాబాయ్" అని ఇంట్లోకి పోయి పాలిథిన్ కవరొకటి తెచ్చాడు. లోపల నాలుగు మడతల కాగితం. కుడి నుంచి ఎడమకి ఉర్దూ రాత, మూల గుండ్రటి ముద్ర. తాత నాటి భూమి పత్రమట. పక్క పొలం వాళ్లతో గట్టు తగాదా వచ్చి కచేరీలో చూపిస్తే, తర్జుమా చేయించుకు రమ్మన్నారట. ఊళ్లో చదివేవాళ్లు లేరు. పక్క ఊళ్లో ఒక సాయిబు గారు చదవబోయి, పాత రాత, పాత లెక్క, నావల్ల కాదన్నాడట.

నాకు నడిగూడెం ఇనప్పెట్టె గుర్తొచ్చింది. అక్కడ తెలంగాణలో జార్జి తలకాయతో తెలుగు కాగితం. ఇక్కడ ఆంధ్రలో నిజాం ముద్రతో ఉర్దూ కాగితం. నడుమ ఒకే రోడ్డు.

"మీరుండేది హైదరాబాదే గదా బాబాయ్, అక్కడ ఎవరన్నా చదువుతారా?"

పాతబస్తీలో అడిగి చూస్తానన్నాను. వెలుతురు పోతోంది, రెండు పేజీలకీ ఫోనులో ఫొటోలు తీశాను. ముద్ర దగ్గర సరిగా రాలేదని అతను టార్చి వేసి పట్టుకున్నాడు. ఈలోగా కోదాడ వైపు పోయే బస్సు ఆంజనేయుడి దగ్గర మలుపు తిరిగింది. చెయ్యెత్తి పరుగెత్తాను. కండక్టరు తలుపు తీస్తూ అడిగాడు, "గరికపాడు ఇవతలా, అవతలా?"